కాలంలో ప్రయాణం: ముందుకా, వెనక్కా?

కడప, అనంతపురం వైపు ఏ హైస్కూల్లో సైన్స్ గురించి మాట్లాడినా, చివర్లో ఒక చెయ్యి లేస్తుంది. "సార్, టైమ్ మెషిన్ నిజంగా అయ్యే పనేనా?" ప్రశ్న ఒకటే గానీ, దాని వెనక కోరికలు రెండు. కొందరికి ఇంకో వందేళ్లకు ఏమవుతుందో చూడాలని. ఎక్కువమందికి మాత్రం వెనక్కి పోవాలని: పెమ్మసాని వాళ్లు ఏలేటప్పుడు గండికోట ఎట్లా ఉండేదో చూడాలని, చనిపోయిన అవ్వతో ఒక్కసారి మాట్లాడాలని. రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు.

ఈ మాట రాగానే అందరూ తాత మీద పడతారు. వెనక్కి పోయి తాతను చంపితే మనవడు ఎట్లా పుట్టాడు? సరదా చిక్కే. పోయినా జరిగినదాన్ని మార్చలేం, జరిగినదాంట్లోనే మనమూ ఒక భాగమవుతాం అని రష్యా శాస్త్రవేత్త నోవికోవ్ లాంటివాళ్లు దానికో దారి చూపించారు. నన్నడిగితే తేల్చేది అది కాదు, సరుకు. ఐన్‌స్టీన్ సమీకరణాలు ముందుకూ అడ్డు చెప్పవు, వెనక్కీ గట్టిగా అడ్డు చెప్పవు. కానీ ప్లాను పాసైనంత మాత్రాన మిద్దె లేవదు కదా, ఇసుకా సిమెంటూ దొరకాలి.

ముందుకు పోవడానికి సరుకు ఉంది. అరచెయ్యి ఆకాశం వైపు చాపి పెట్టండి. సెకనుకు సుమారు ఒక మ్యూయాన్ దాన్ని దూసుకుని పోతుంటుంది. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిని గుద్దుకున్నప్పుడు 15 కిలోమీటర్ల ఎత్తులో పుట్టే కణం ఇది. సెకనును 10 లక్షల ముక్కలు చేస్తే దీని సగటు ఆయుష్షు అందులో 2.2 ముక్కలు మాత్రమే. అంతసేపట్లో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. లెక్కప్రకారం ఇవి దాదాపు అన్నీ పైనే చచ్చిపోవాలి. అయినా మన చేతికి అందుతున్నాయంటే, ఆ వేగంలో వాటి గడియారం మెల్లగా నడుస్తోందన్నమాట. 1970లలో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో మ్యూయాన్లను గుండ్రటి గొట్టంలో గిరగిరా తిప్పి చూస్తే ఆయుష్షు 2.2 ముక్కల నుంచి 64కు పెరిగింది. అంటే 29 రెట్లు. తిరిగి తిరిగి అదే చోటికి వచ్చే కణాలు కాబట్టి, ఇక్కడ తప్పించుకోవడానికి సాకు లేదు. భవిష్యత్తులోకి పోయినవాళ్లెవరని అడిగితే నేను చూపించేది వాటినే.

మనుషుల లెక్కలో అయితే ఇది చిల్లర. 1971లో హాఫెల్, కీటింగ్ అనే ఇద్దరు అణు గడియారాలను విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టూ తిరిగొచ్చారు. తూర్పు దిక్కుగా పోయినవి 59 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో 100 కోట్లో వంతు) వెనకబడ్డాయి, భూమి తిరిగే దిక్కుకు ఎదురుగా, అంత ఎత్తులో పోయినందువల్ల పడమటి దిక్కుగా పోయినవి 273 ముందుకు జరిగాయి. అంతరిక్షంలో 803 రోజులు గడిపిన రష్యా వ్యోమగామి క్రికలేవ్ మనకంటే సెకనులో యాభయ్యో వంతు ముందుకు పోయాడు. అంత దూరం ఎందుకు? కడప కంటే అనంతపురం సుమారు 200 మీటర్లు ఎత్తు. భూమి పట్టు తక్కువైన చోట గడియారం వేగంగా నడుస్తుంది కాబట్టి, అనంతపురం వాళ్లు కడప వాళ్లకంటే ఏడాదికి 0.7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో 10 లక్షలో వంతు) ఎక్కువ ముసలివాళ్లవుతారు. పెళ్లి సంబంధాలకు అడ్డు రాదులెండి.

మనిషికి పెద్ద దూకుడు కావాలంటే ఖర్చు చూసుకోవాలి. కాంతి వేగంలో 99 శాతంతో పోతే మన ఒక ఏడాదికి బయట ఏడేళ్లు గడుస్తాయి. ఓడ సంగతి పక్కనపెట్టి 70 కిలోల మనిషిని మాత్రమే ఆ వేగానికి తేవాలన్నా ఎంత శక్తి కావాలో లెక్కేశాను. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర ఉన్న 1,000 మెగావాట్ల సోలార్ పార్కు, రాత్రీ పగలూ ఆగకుండా పూర్తిగా ఇచ్చిందనుకున్నా, సుమారు 1,200 ఏళ్లు పడుతుంది. ఆపడానికి మళ్లీ అంత. ఘోరమైన బిల్లే, కానీ బిల్లు. కట్టలేం అనడానికీ, అసలు ఆ సరుకే లేదు అనడానికీ తేడా ఉంది. ఓడ ఎందుకని, పట్టు విపరీతంగా ఉండే కృష్ణబిలం (బ్లాక్ హోల్) పక్కన కాపురం పెట్టినా పని జరుగుతుంది, కానీ మన పాలపుంత నడిమధ్యలో ఉన్నదాని దగ్గరికి చేరాలంటే కాంతికే 26 వేల ఏళ్లు.

ఒక షరతు మాత్రం ఉంది, తిరుగు టికెట్ లేదు. ఈ సంగతి మన పురాణాలు ఎప్పుడో పట్టుకున్నాయి. రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకానికి పోయిన రైవతుడు కాసేపు పాట విని వచ్చేసరికి 27 చతుర్యుగాలు గడిచిపోయాయి. ఆయన అనుకున్న పెళ్లికొడుకులు లేరు, వాళ్ల మనవళ్లూ లేరు. బలరాముడు దొరికాడు కాబట్టి సరిపోయింది.

ఇక వెనక్కి. 1949లో గోడెల్ అనే గణిత శాస్త్రవేత్త, మొత్తం విశ్వమే గిర్రున తిరుగుతుంటే పాత కాలానికి దారి ఉంటుందని లెక్క కట్టాడు. మన విశ్వం అట్లా తిరుగుతున్న జాడ లేదు. 1974లో టిప్లర్ అనే శాస్త్రవేత్త అంతులేని పొడుగున్న స్తంభాన్ని తిప్పమన్నాడు, అది ఎవరి తరమూ కాదు. కొంచెం ఆశ కలిగించింది 1988లో భౌతిక శాస్త్రవేత్త కిప్ థార్న్ బృందం చెప్పిన వర్మ్‌హోల్. రెండు చోట్లను కలిపే సొరంగం. ఒక మూతిని వేగంగా తిప్పి తెస్తే రెండు మూతుల మధ్య కాలం తేడా వస్తుంది, ఒకదాంట్లో దూరి ఇంకోదాంట్లోంచి పాత కాలంలోకి రావచ్చు. కానీ సొరంగం మూసుకోకుండా నిలబడాలంటే నెగటివ్ ఎనర్జీ, అంటే సున్నా కంటే తక్కువ శక్తి, కావాలి. ఒక మీటరు వెడల్పు సొరంగానికి కావలసింది దాదాపు గురుగ్రహం బరువంత. ప్రయోగశాలలో దగ్గరదగ్గరగా పెట్టిన రెండు లోహపు రేకుల మధ్య ఆ జాతిది లేశమంత పుడుతుంది, అంతే. దాన్ని పోగుచేసే దారి ఎవరికీ తెలియదు. అంతా సమకూరినా ప్రకృతే అడ్డుపడి సొరంగాన్ని కూలుస్తుందని 1992లో హాకింగ్ అన్నాడు. అది అనుమానమే, ఇంకా రుజువు కాలేదు.

గండికోట చూడాలన్న పిల్లలకు అసలు దెబ్బ వేరే ఉంది. వర్మ్‌హోల్ దొరికినా, దాన్ని మెషిన్‌గా మార్చిన రోజుకంటే వెనక్కి పోలేం. 2100లో చేస్తే 2100 దాకానే. కోట దొరకదు, అవ్వ దొరకదు. భవిష్యత్తు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి టైమ్ మెషిన్ లేదు అని వాదించేవాళ్లు ఈ ముక్క మరిచిపోతారు.

బ్రహ్మంగారి కాలజ్ఞానం సంగతి కూడా అడుగుతుంటారు. ముందు జరిగేది చెప్పడం వేరు, ముందుకు పోవడం వేరు, ఇక్కడ కలపను. ఇక శరీరాన్ని గడ్డకట్టించి వందేళ్లకు లేపడం: లేచిన మనిషి ఇంతవరకు ఒక్కరూ లేరు, లేచినా అది మెల్లగా నడిచిన గడియారం కాదు, నిద్ర. డబ్బు కట్టించుకునే కంపెనీలున్నాయి, కట్టేవాళ్లూ ఉన్నారు.