పాడ్‌స్టో: కార్న్‌వాల్ తీరంలో ఏం తినాలి, ఎక్కడ దిగాలి

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ ఉత్తర తీరంలో కామెల్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న పాడ్‌స్టో మూడు వేల జనాభా కూడా మించని చిన్న రేవు ఊరు. అంత చిన్న ఊరికి కేవలం భోజనం కోసమే దేశం నలుమూలల నుంచీ జనం వస్తున్నారంటే, అందుకు ముఖ్య కారణం 1975లో రిక్ స్టైన్, జిల్ స్టైన్ దంపతులు రేవు పక్కన తెరిచిన ‘ది సీఫుడ్ రెస్టారెంట్’. తర్వాతి కాలంలో వారి సంస్థే ఇక్కడ ఫిష్ అండ్ చిప్స్ దుకాణం, వంట నేర్పే బడి, బస గదులు నడపసాగింది. వంటగాడు పాల్ ఐన్స్‌వర్త్ ఇక్కడే నడిపే ‘నంబర్ 6’ రెస్టారెంట్‌కు, మేటి భోజనశాలలకిచ్చే మిషెలిన్ నక్షత్రం కూడా దక్కింది. పుస్తెలమ్మినా పులస తినాలనే గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మాకు చేప కోసం ఇంత దూరం ప్రయాణించడం వింతగా అనిపించలేదు.

మా అమ్మానాన్నలు లండన్ వచ్చి ఉండగా, బడి సెలవులు ముగిసిన సెప్టెంబరులో బయలుదేరాం. జులై, ఆగస్టు నెలల్లో ఈ ఊరి ఇరుకు సందులు జనంతో నిండిపోతాయి, కారు నిలిపే చోటు దొరకడమే గగనమవుతుంది. పాడ్‌స్టోకు ఇప్పుడు రైలు లేదు, ఉన్న మార్గాన్ని 1967లో మూసేశారు. లండన్ పాడింగ్టన్ నుంచి బాడ్మిన్ పార్క్‌వే వరకు దాదాపు నాలుగు గంటలు రైల్లో వెళ్లి, అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి. పెద్దవాళ్లు, సామాన్లు ఉంటే కారే సుఖం.

బస విషయంలో నా అభిప్రాయం స్పష్టం: రేవు కనిపించే గదికి పెట్టే అదనపు డబ్బు దండగ. మేము మొదట దిగిన పాత ఇంటి గెస్ట్‌హౌస్‌లో కిటికీలోంచి పడవలు కనిపించిన మాట నిజమే గానీ, నిటారుగా ఉన్న చెక్క మెట్లు ఎక్కడానికి మా నాన్నగారు ప్రతిసారీ ఆయాసపడ్డారు, మెట్ల సంగతి ముందే చెప్పమని అడిగినా యజమానులు చెప్పలేదు. మిగిలిన రాత్రులకు నది ఎగువనున్న వేడ్‌బ్రిడ్జి అనే ఊరికి మారాం. అక్కడ అద్దె తక్కువ, గది విశాలం, పైగా పాత రైలు కట్టనే నడకకూ సైకిళ్లకూ బాటగా మార్చిన ‘కామెల్ ట్రెయిల్’ అక్కడి నుంచి పాడ్‌స్టో వరకు తొమ్మిది కిలోమీటర్లు నది వెంబడే సాగుతుంది. రైలు కోసం వేసిన కట్ట కావడం వల్ల ఎత్తుపల్లాలు దాదాపు లేవు. సైకిళ్లు రెండు చివర్లా అద్దెకు దొరుకుతాయి. నీరు తగ్గిన వేళ బయటపడిన బురద మేటల మీద పక్షులు మేస్తుండగా, పాత ఇనుప వంతెన దాటి ఊళ్లోకి ప్రవేశించడం కారులో రావడం కన్నా ఎన్నో రెట్లు బాగుంటుంది.

భోజనానికి ముందు రేవు పక్కనున్న నేషనల్ లాబ్‌స్టర్ హేచరీ, అంటే పెద్ద డెక్కల సముద్రపు రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లను పొదిగించే కేంద్రం, తప్పక చూడాలి. జాలర్లకు చిక్కిన గుడ్లున్న ఆడ లాబ్‌స్టర్లను ఇక్కడికి తెస్తారు. ఒక్కొక్క దాని పొట్ట కింద వేలకొద్దీ గుడ్లు నల్లని గింజల్లా అతుక్కుని ఉంటాయి. సముద్రంలో అయితే వాటిలో బతికి పెద్దయ్యేది ఏ ఒక్కటో. ఇక్కడ పొదిగించి, కాస్త ఎదిగాక ఒకదాన్నొకటి తినేయకుండా ఒక్కొక్క పిల్లను విడి అరలో పెంచి, మళ్లీ సముద్రంలో వదులుతారు. బతికున్న లాబ్‌స్టర్ ముదురు నీలం రంగులో ఉంటుందని, ఎర్రబడేది ఉడికాకేనని మా అమ్మ అక్కడే మొదటిసారి చూసింది. ఈ ఊరి వంటకు పేరు రావడం వెనుక సముద్రాన్ని ఖాళీ చేయకూడదన్న ఈ పట్టుదల కూడా ఉందని నాకు గట్టిగా అనిపించింది.

సీఫుడ్ రెస్టారెంట్‌లో బల్ల కావాలంటే చాలా ముందుగా చెప్పుకోవాలి, ఖరీదూ ఎక్కువే. మధ్యలో ఉన్న బార్ చుట్టూ కూర్చుని తింటే వంటవాళ్లు గుల్లలు విప్పడం కళ్లారా చూడవచ్చు, నాకు అదే నచ్చింది. కాల్చిన హేక్ చేప ముక్క పైన పెళుసుగా, లోపల పొరలు పొరలుగా విడిపోతూ వచ్చింది. ఉప్పు, వెన్న, నిమ్మరసం తప్ప మరేమీ లేవు, అయినా మసాలా లేదన్న లోటు తెలియలేదు. ఒక్క పూట అలా ఖర్చు పెట్టి, మిగిలిన పూటలు రేవు గట్టు మీద పొట్లం కట్టిచ్చే చేపలతో గడపడం ఉత్తమం. అయితే ఇంగ్లండులో చాలా సంప్రదాయ దుకాణాలు చేపలనూ ఆలుగడ్డలనూ గొడ్డు కొవ్వులో వేయిస్తాయి కాబట్టి, ఆ పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి. పిండి పొరలో కూర పొదిగి కాల్చే కార్నిష్ పాస్టీలో కూడా గొడ్డు మాంసమే ఉంటుంది. శాకాహారి అయిన మా అమ్మకు జున్ను, ఉల్లిపాయ పెట్టిన పాస్టీ దొరికింది. అన్నిటికన్నా ఆమెకు నచ్చింది స్కోన్ అనే చిన్న మెత్తని రొట్టె మీద ముందు జామ్, ఆపైన చిక్కటి క్లాటెడ్ క్రీమ్ వేసిన కార్న్‌వాల్ ఫలహారం. నెమ్మదిగా కాచి తీసిన ఆ మీగడకు పసుపుపచ్చని తెట్టు ఉంటుంది. ఆరుబయట తినేటప్పుడు సీగల్ పక్షులతో జాగ్రత్త, చేతిలోది తన్నుకుపోతాయి.

ప్రిడో ప్లేస్ అనే ఎలిజబెత్ కాలపు భవనం ఊరి పైభాగంలో ఉంది. తీరిక ఉంటే చూడవచ్చు. తీరిక లేకపోతే అది వదులుకుని, నది దాటి రాక్ అనే ఊరికి వెళ్లే పడవ ఎక్కడం మేలు. నది ముఖద్వారంలో వందలాది ఓడలను బలిగొన్న డూమ్ బార్ ఇసుక మేట ఆ పడవలోంచి కనిపిస్తుంది. నీరు బాగా తగ్గినప్పుడు పడవ రేవులోకి రాలేదు, ఊరి బయట దిగువ ఇసుక ఒడ్డు దాకా నడిచి ఎక్కాలి. పెద్దవాళ్లకు ఆ నడక, తడి ఇసుక కష్టం కాబట్టి, ఆటుపోట్ల వేళలు ముందు రోజే చూసుకుని, పోటు ఉన్నప్పుడు రేవులోనే పడవ ఎక్కి దిగేలా ప్రయాణం పెట్టుకోవాలి.