చిలీ గని రెస్క్యూ: బొగ్గుబాయి లెక్కన ఎన్ని మార్కులు?

రాయి కూలి 33 మంది లోపల ఇరుక్కున్న చిలీలోని శాన్ హొసే గని నుంచి మొదటి కార్మికుడు పైకి వచ్చింది మన టైము ప్రకారం 2010 అక్టోబరు 13 పొద్దున 8:41కి. ముప్పై మూడోవాడు, షిఫ్టు ఇన్‌చార్జి లూయిస్ ఉర్జువా, బయటపడింది మర్నాడు పొద్దున 6:25కి. మూడు షిఫ్టులు గడిచి మళ్లీ ఫస్టు షిఫ్టు దిగే వేళకు పని ముగిసిందన్నమాట. లైవులో ప్రపంచమంతా చూసిన ఆ ఘట్టాల వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి. గోదావరిఖని, శ్రీరాంపూర్, భూపాలపల్లి వైపు బాయి పని తెలిసినవాళ్లు నిదానంగా చూడాల్సినవి. రెస్క్యూ పనికి పదికి తొమ్మిది మార్కులు. అంతకుముందు ఆ గనిని నడిపిన తీరుకు రెండు ఇచ్చినా ఎక్కువే.

ముందు ఆ రెండు మార్కుల సంగతి. ఆగస్టు 5న రాయి కూలి దారి మూసుకుపోగానే లోపలివాళ్లు వెంటిలేషన్ షాఫ్టు (గాలి కోసం తవ్విన నిలువు దారి) మీదుగా ఎక్కి బయటపడాలని చూశారు. అందులో ఉండాల్సిన నిచ్చెన లేదు. రెండో దారి కాగితం మీద ఉంటే చాలదు, మనిషి ఎక్కగలగాలి. రెండు రోజులకు ఆ షాఫ్టు కూడా కూలింది. లోపల దాచిన తిండి రెండు రోజులకు సరిపడేది. దాన్నే 33 మంది చెంచాల లెక్కన పంచుకుని 17 రోజులు బతికారు. పైనుంచి వేసిన బోర్లు మొదట్లో గురి తప్పాయి. మ్యాపులు పాతవి కావడం ఒక కారణం. గట్టిరాయిలో లోతుకు పోయేకొద్దీ డ్రిల్లు పక్కకు ఒరగడం ఇంకొకటి. చివరికి ఆగస్టు 22న 688 మీటర్ల దగ్గర ఒక బోరు తగిలింది. పైకి లాగిన రాడ్లతో పాటు, 33 మందిమీ బాగున్నామని రాసిన చీటీ వచ్చింది.

అక్కడి నుంచి పనితనం చూడాలి. ఆకలితో ఎండిన కడుపులకు వెంటనే ముద్ద పంపలేదు. గ్లూకోజు, నీళ్లతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, లేకపోతే ఆ తిండే ప్రాణం మీదికి తెస్తుంది. సన్నటి బోర్లలో గొట్టాలు దించి మందులు, ఉత్తరాలు పంపారు. పెద్ద బోరుకు మూడు రకాల రిగ్గులు ఒకేసారి దింపారు. ఒకటి ఆగినా రెండు నడుస్తుండాలని. గెలిచింది ప్లాన్ బి: ముందు సన్నని బోరు వేసి, దాన్నే దశలవారీగా వెడల్పు చేయడం. మధ్యలో గనిలోని సపోర్టు ఇనుప రాడ్డుకు తగిలి హ్యామర్ విరిగి రోజుల తరబడి పని ఆగింది. వెడల్పు చేస్తుంటే రాలిన రాతిపొడిని కింద ఇరుక్కున్నవాళ్లే షిఫ్టులు వేసుకుని ఎత్తారు. క్రిస్మస్ దాకా పడుతుందని చెప్పిన పని అక్టోబరులోనే అయింది.

ఇక ఫీనిక్స్ క్యాప్సూలు. చిలీ నౌకాదళం కట్టింది, నాసా సలహా ఇచ్చింది. దాదాపు 4 మీటర్ల పొడవు, 54 సెంటీమీటర్ల వెడల్పు. బోరు గోడకు రాసుకోకుండా స్ప్రింగు చక్రాలు, ఆక్సిజన్, మాట్లాడే ఏర్పాటు. ఇరుక్కుపోతే కిందిభాగం విడదీసుకుని మనిషి తిరిగి కిందికి దిగే వీలుంది, అన్నిటికన్నా మెచ్చాల్సింది అదే. ఎక్కించిన వరుస కూడా ఊరికే వేసింది కాదు. దారిలో ఏదైనా తేడా వస్తే తట్టుకుని చెప్పగలిగే గట్టివాళ్లు ముందు, జబ్బుతో ఉన్నవాళ్లు తర్వాత, షిఫ్టు ఇన్‌చార్జి ఆఖరున.

ఇంత పని జరగడానికి వెనుక ఉన్న అధికారం గురించి రాయకపోతే సమీక్ష సగమే. చిలీ అధ్యక్షుడిగా సెబాస్టియన్ పినేరా గద్దెనెక్కి అప్పటికి అయిదు నెలలు. గని ప్రైవేటుది, మా బాధ్యత కాదని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. ప్రభుత్వ రాగి కంపెనీ కోడెల్కో నుంచి ఇంజనీరు ఆండ్రే సౌగారెట్‌ను పిలిచి పని అప్పజెప్పారు. గనుల మంత్రి గోల్బోర్న్ వ్యాపార రంగం నుంచి వచ్చిన మనిషి. షాఫ్టు కూలిన రోజు ఆ కబురు కుటుంబాలకు తనే చెబుతూ ఏడ్చాడు. లోపల ఎవరైనా బతికున్నారో లేదో తెలియని 17 రోజులూ డ్రిల్లు ఆపనివ్వకపోవడమే అసలైన కనికరం. కెమెరా ముందు పినేరా ఒక్కొక్కరినీ కౌగిలించుకోవడం ఆ తర్వాతి సంగతి. రాజకీయ లాభం కూడా ఉందని విమర్శించినవాళ్లున్నారు, ఉండొచ్చు. ఎక్కడ బోరు వేయాలో మాత్రం ఇంజనీర్లే తేల్చారు. నిచ్చెన లేని షాఫ్టును ముందే పట్టుకోలేని తనిఖీ వ్యవస్థ కూడా ప్రభుత్వానిదే కాబట్టి ఒక మార్కు కోత.

ఇదే పద్ధతి మన బాయిలకు పనికొస్తుందా? నేరుగా రాదు. అది రాగి, బంగారం తీసే గట్టిరాయి గని, లోపల పీల్చుకునే గాలి మిగిలింది. బొగ్గుబాయిలో మంటో పేలుడో అయితే కార్బన్ మోనాక్సైడు నిమిషాల్లో చంపుతుంది. నడుముకున్న సెల్ఫ్ రెస్క్యూయర్ (విషవాయువు నుంచి కాసేపు కాపాడే పరికరం) బయటి దారి పట్టేదాకానే, రోజులు కాయడానికి కాదు. నీళ్లు నిండిన పొరల్లోంచి బోరు వేయాలంటే కేసింగు (బోరు గోడకు వేసే గొట్టం) దించాలి, లేకుంటే ఆ నీళ్లే కిందికి దిగుతాయి. అయినా బొగ్గులోనూ క్యాప్సూలు పనిచేసింది: 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ మహాబీర్ గనిలో నీళ్లు ముంచెత్తినప్పుడు గని ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ తానే కిందికి దిగి 65 మందిని పైకి పంపారు. చిలీకి 21 ఏళ్ల ముందు, మన దేశంలోనే.

ట్రైనింగు సెంటర్లలో ఈ వీడియో వేస్తే కౌగిలింతల దగ్గర మొదలుపెట్టొద్దు. రెస్క్యూమ్యాన్ మాన్యుయెల్ గొంజాలెజ్ ఖాళీ బోరులోకి మొదట దిగే ఘట్టం చూపించాలి. పైకి తేవాల్సినవాళ్లందరినీ పంపి ఆఖరున ఎక్కిందీ ఆయనే. తర్వాత మన సెక్షన్ ప్లాను (మనం పనిచేసే భాగం మ్యాపు) తీసి, రెండో దారి ఎక్కడుందో, దాన్ని ఆఖరుసారి ఎవరు నడిచి చూశారో అడగాలి.