పైథాన్ లిస్టులు నేర్చుకునేవారికి పైథాన్ ట్యూటర్: ఒక సమీక్ష

పర్లాకిమిడి పరిసరాల్లో తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియాలో చదువుకుని, డిగ్రీకి వచ్చాక ప్రోగ్రామింగును ఇంగ్లీషు పుస్తకాల్లో చదవవలసి వస్తుంది. అలాంటి విద్యార్థులకు పైథాన్ అనే ప్రోగ్రామింగు భాషలో లిస్టులు, అంటే విలువల వరుసలు, బోధించడానికి నేను వాడిన సాధనాలన్నింటిలో పైథాన్ ట్యూటర్ అనే ఉచిత వెబ్‌సైటు ఎక్కువ మేలు చేసింది. ఫిలిప్ గువో 2010లో రూపొందించిన ఈ సైటుకు ఇన్‌స్టలేషన్ అక్కరలేదు. బ్రౌజరు తెరిచి కోడు రాస్తే చాలు, ఒక్కో వరుస నడిచినప్పుడు మెమరీలో ఏం జరుగుతోందో బొమ్మ గీసి చూపిస్తుంది.

లిస్టును ఇది పక్కపక్కన పేర్చిన గడులుగా గీస్తుంది, ప్రతి గడిపైనా దాని ఇండెక్సు, అంటే స్థానపు అంకె, ఉంటుంది. మా ప్రాంతపు రైలు మార్గాన్నే ఉదాహరణగా తీసుకుందాం. పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు, అంటే విలువలకు మనం పెట్టే పేర్లు, తెలుగు లిపిలోనూ ఉండవచ్చు కనుక ఇక్కడ అలాగే రాస్తున్నాను.

ఊళ్లు = ["నౌపడ", "టెక్కలి", "పాతపట్నం", "పర్లాకిమిడి", "గుణుపురం"]

లెక్క సున్నాతో మొదలవుతుంది కాబట్టి పర్లాకిమిడి ఇండెక్సు 3 అవుతుందని నోటితో ఎన్నిసార్లు చెప్పినా నిలవని సంగతి, గడిపైన అంకె కనబడగానే విద్యార్థి మనసులో నిలిచిపోతుంది. చివరి ఊరిని -1తో అందుకోవచ్చు. 5 అని అడిగితే మాత్రం ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది.

ఈ సాధనం అసలు విలువ తర్వాతి వరుసలో తెలుస్తుంది.

నకలు = ఊళ్లు

కొత్తగా నేర్చుకునేవారిలో చాలామంది ఇక్కడ రెండో లిస్టు తయారైందనుకుంటారు. బొమ్మలో మాత్రం గడుల వరుస ఒకటే ఉంటుంది, రెండు పేర్ల నుంచీ బయలుదేరిన బాణాలు దానినే తాకుతాయి. ఇప్పుడు నకలు మీద ఇన్సర్ట్ అనే మెథడ్‌ను (లిస్టుపై పనిచేసే ఆదేశాన్ని) పిలిచి, 4వ స్థానంలో "కాశీనగరం" చేరిస్తే, గుణుపురం 5వ గడికి జరుగుతుంది. ఊళ్లు అన్న పేరుతో చూసినా అదే మార్పు కనిపిస్తుంది. వేరే లిస్టు కావాలంటే కాపీ అనే మెథడ్‌ను పిలవాలి, అప్పుడు బొమ్మలో రెండో వరుస పుడుతుంది. పేరు వేరు, అది చూపించే లిస్టు వేరు అన్న ఈ ఒక్క విషయం స్థిరపడితే లిస్టుల్లోని చిక్కుల్లో చాలా భాగం విడిపోతాయి.

గడులు = [[0] * 3] * 3 అన్న వరుసనూ ఇందులో తప్పక నడిపించి చూడాలి. మూడు వేర్వేరు వరుసలు వస్తాయనుకున్న చోట, మూడు బాణాలూ ఒకే లోపలి లిస్టు వైపు చూపిస్తాయి. ఒక్క గడి మారిస్తే మూడు వరుసలూ మారినట్టు ఎందుకు కనిపిస్తుందో వేరే వివరణ అక్కరలేదు.

[10, 20, 20, 30] అన్న లిస్టుపై, ఒక్కో విలువనూ వరుసగా తీసుకునే ఫర్ లూపు నడుపుతూ, ఎదురైన ప్రతి 20నీ రిమూవ్‌తో తీసేస్తే చివరికి ఒక 20 మిగిలిపోతుంది. మొదటి 20 పోగానే రెండోది ఆ ఖాళీలోకి ముందుకు జరుగుతుంది, లూపు మాత్రం దాన్ని దాటి తర్వాతి స్థానానికి వెళ్లిపోతుంది. ఇక్కడ వెనక్కి నడిపించే బటను అమూల్యం, అనుమానం వచ్చిన అడుగును మళ్లీ మళ్లీ చూసుకోవచ్చు. సార్ట్ ఫలితాన్ని ఒక పేరులో దాచుకోబోతే ఆ పేరు దగ్గర నన్ (None, ఏ విలువా లేదని అర్థం) అని కనబడుతుంది. సార్ట్ ఉన్న లిస్టునే క్రమపరుస్తుంది, కొత్త లిస్టు కావాలంటే సార్టెడ్ వాడాలి.

పరిమితులు లేకపోలేదు. కోడు సర్వరులో నడుస్తుంది కనుక నెట్ సిగ్నలు లేని కొండ ఊళ్లలో ఇది పనికిరాదు. నడిచే ఒక్కో వరుసను ఒక అడుగుగా లెక్కిస్తే, 1000 అడుగులు దాటగానే ఆగిపోతుంది కాబట్టి పెద్ద లూపులకు ఇది చోటు కాదు. ఫోను తెర మీద కోడూ బొమ్మా ఒకేసారి ఇమడవు. బటన్ల మీది మాటలు ఇంగ్లీషులో ఉన్నా అవి నాలుగైదే కాబట్టి అది అడ్డంకి కాదు.

కోడుతో సహా తెరుచుకునే లింకును ఈ సైటు తయారుచేసి ఇస్తుంది. అధ్యాపకులు దాన్ని వాట్సాప్‌లో పంపి, తర్వాతి అడుగుకు వెళ్లే బటను నొక్కే ముందు రాబోయే బొమ్మను నోటుపుస్తకంలో గీయమని విద్యార్థులను అడగాలని నా సలహా. రాసుకున్న ప్రోగ్రాములు వెయ్యి అడుగులు దాటే నాటికి కంప్యూటరులో పైథాన్‌ను, దానితో పాటే వచ్చే, కోడు రాసి నడిపించే ఐడిల్‌ను పెట్టుకోవడం మంచిది.