ఫోర్ట్ యూకాన్ విమానం ఎక్కబోయే వాళ్లకు

మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం. ఎండుచేపల వ్యాపారం. మా అమ్మాయి, అల్లుడు అలాస్కాలో, ఫెయిర్‌బ్యాంక్స్‌లో ఉంటారు. పోయిన జూలైలో వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు అమ్మాయి, నేను చిన్న విమానంలో ఫోర్ట్ యూకాన్ అనే ఊరికి వెళ్లొచ్చాం. ఆ సర్వీసు గురించి రాస్తున్నాను.

ఫోర్ట్ యూకాన్ గ్విచిన్ వాళ్ల ఊరు. అథబాస్కన్ అనే అక్కడి ఆదివాసీ జాతుల్లో వాళ్లొకరు. ఆర్కిటిక్ వలయం దాటి 8 మైళ్లు. 2020 లెక్కల్లో 428 మంది. బయటి నుంచి రోడ్డు లేదు. పాలు, మందులు, ఉత్తరాలు, ఆస్పత్రికి వెళ్లే గర్భిణులు, అన్నిటికీ ఈ చిన్న విమానాలే. అందుకే దీన్ని టూరిస్టు బండి అనుకుని ఎక్కకండి.

కౌంటర్ దగ్గర ముందు సామాను, తర్వాత మనల్ని కాటా ఎక్కిస్తారు. మొహమాటపడకండి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆ బరువును బట్టే. నన్ను పైలట్ పక్కన కూర్చోబెట్టారు. గంట ప్రయాణం. కొండలు దాటాక కిందంతా చెరువులే. యూకాన్ నది ఒక పాయగా కాదు, జడ విప్పేసినట్టు పదిపాయలుగా కనిపించింది. పైలట్ చాలా నెమ్మదస్తుడు, దించడం కూడా కుదుపు లేకుండా దించాడు.

నాకు కోపం వచ్చింది ఒక్క విషయంలోనే. మేం కట్టుకున్న పులిహోర, నెత్తళ్ల వేపుడు ఉన్న సంచి దిగాక చూస్తే లేదు. బరువు ఎక్కువైందని ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే దించేశారట. మందుల పెట్టెల కోసం దించితే నేనేమీ అనను. కానీ ఎక్కేముందు ఒక మాట చెప్పాలి కదా! ఊళ్లో కొట్టు ఉంది. అన్నీ విమానంలో వచ్చినవే కాబట్టి ధరలు ఫెయిర్‌బ్యాంక్స్ కంటే బాగా ఎక్కువ. బ్రెడ్డు కొనుక్కుని తిన్నాం.

ఏటి ఒడ్డున ఒక పెద్దావిడ మమ్మల్ని పిలిచి టీ ఇచ్చింది. నేను ఫోనులో మా ఇసుక మీద ఆరబోసిన నెత్తళ్లు, కవళ్లు చూపించాను. ఆమె లేచి తన పొగ గది చూపించింది. సాల్మన్‌ను తోక దగ్గర విడిపోకుండా నిలువునా చీల్చి, కర్రల మీద వేలాడదీసి, కింద సన్నని పొగ పెడతారట. మనకు ఎండా ఉప్పూ ఎలాగో, వాళ్లకు గాలీ పొగా అలాగ. ఆ గది పైకప్పు చెక్క నల్లగా నూనె పట్టి ఉంది, వాసన ఇంకా ఉంది. కర్రలన్నీ ఖాళీ. బేరింగ్ సముద్రం నుంచి ఏరు ఎదురీదుకుంటూ వచ్చే కింగ్ సాల్మన్ బాగా తగ్గిపోయిందని 2024లో అలాస్కా, కెనడా కలిసి ఏడేళ్లు వేట ఆపేశాయి. మనకు ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు నిషేధం. ఆ రెండు నెలలకే మా వీధిలో ఎన్ని ఇళ్లలో అప్పులు పుడతాయో నాకు తెలుసు. ఏడేళ్లంటే, చేప కోయడం నేర్చుకోవాల్సిన పిల్లలు నేర్చుకోకుండానే పెద్దవాళ్లైపోతారు. ఆమె భయం కూడా అదే. ఆ మాట అమ్మాయి తెలుగులో చెబుతుంటే నాకు గొంతు పట్టేసింది.

సాయంత్రం మమ్మల్ని తీసుకెళ్లడానికి వచ్చిన విమానంలోనే మా సంచి వచ్చింది. పైలట్ స్వయంగా తెచ్చి ఇచ్చి సారీ చెప్పాడు. నెత్తళ్ల డబ్బా ఆ పెద్దావిడకు ఇచ్చాను. అక్కడే మూత తీసి ఒకటి నమిలి, కారానికి కళ్లు తుడుచుకుని, ఇంకొకటి తీసుకుంది. "మాసీ" అంది. వాళ్ల భాషలో థాంక్స్.

మళ్లీ వెళ్తే ఇదే సర్వీసులో వెళ్తాను. మీరు వెళ్తే తిండి చేతిసంచిలోనే పెట్టుకోండి. దోమల మందు తప్పనిసరి. వాతావరణం బాగాలేకపోతే విమానం రాదు, కాబట్టి మర్నాటికి ఏ పనీ పెట్టుకోకండి.