పీహెచ్‌డీ అధ్యాయం, ఎంబీఏ ప్రాజెక్టు: ఏ పత్రికకు పంపడం మేలు?

మేనేజ్‌మెంట్ విద్యార్థి తన పని అచ్చులో చూసుకోవాలంటే దారులు నాలుగు. అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ జర్నల్ లాంటి అంతర్జాతీయ పెద్ద పత్రికలు, మన దేశంలో తోటి నిపుణుల చేత సమీక్ష జరిపి వేసే పత్రికలు, కేస్ స్టడీల పత్రికలు, ఇక "7 రోజుల్లో స్కోపస్ పేపర్" (స్కోపస్ అంటే పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచీ) అని వాట్సాప్‌లో తిరిగే ప్రకటనలు. నాలుగోదాన్ని దారి అనకూడదు గానీ, అటు వెళ్లేవాళ్లు తక్కువేం లేరు కాబట్టి దాని సంగతీ చూడాల్సిందే.

పత్రికను ఎంచుకునేటప్పుడు చాలామంది ముందు ర్యాంకు చూస్తారు. ఆస్ట్రేలియా బిజినెస్ డీన్ల మండలి వేసే ఏబీడీసీ జాబితాలో ఏ-స్టార్, ఏ, బీ, సీ ఉంటాయి. బ్రిటన్ వాళ్ల జాబితాలో 4-స్టార్ నుంచి 1 దాకా. అధ్యాపక ఉద్యోగానికి ఇవి లెక్కకొస్తాయి. విద్యార్థి మాత్రం ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. థీసిస్ సమర్పణకు ఇంకా ఎన్ని నెలలుంది? డేటా సేకరణ ముగిసిందా, ఇంకా మొదలే కాలేదా? రెండో ప్రశ్నను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అసలు తేడా తెచ్చేది అదే.

పెద్ద పత్రిక: ప్రశ్నావళి పంచకముందే తేల్చుకోవాలి

అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ పత్రికలన్నీ ఒకే రకం కావు. 'జర్నల్' డేటా ఉన్న అధ్యయనాలే తీసుకుంటుంది. 'రివ్యూ' సిద్ధాంత వ్యాసాలే తీసుకుంటుంది. సర్వే ఆధారంగా రాసిన పత్రాన్ని 'రివ్యూ'కి పంపితే సమీక్షకుల దాకా వెళ్లకుండానే తిరిగొస్తుంది. 'డిస్కవరీస్' ఇంకా సరైన వివరణ లేని కొత్త పరిణామాల మీద ఆసక్తి చూపుతుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

మన దగ్గర తరచూ కనిపించే అధ్యయనం ఎలా ఉంటుందో తెలిసిందే. హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు, ఒక గూగుల్ ఫారం, తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన 200 జవాబులు, నాయకత్వ శైలికీ ఉద్యోగ సంతృప్తికీ సంబంధం. పెద్ద పత్రిక సంపాదకుడు దీన్ని వెనక్కి పంపడానికి కారణాలు ముందే చెప్పేయవచ్చు. కారణాన్నీ ఫలితాన్నీ ఒకే మనిషి ఒకే రోజు నింపాడు కనుక, రెంటి మధ్య కనిపించే సంబంధంలో కొంత కొలిచిన పద్ధతి వల్లే వచ్చి ఉండొచ్చు. ఈ లోపాన్ని పట్టుకోవడానికి వాడే హార్మన్ ఒకే-కారక పరీక్ష పెట్టాం కదా అంటే సమీక్షకులు ఒప్పుకోవడం మానేశారు. ఇక "ఈ నగరంలో ఎవరూ చేయలేదు" అన్నది ఖాళీ చూపించడమే గానీ, సిద్ధాంతానికి ఏం కలిపారో చెప్పడం కాదు.

ఈ లోపాలను డేటా చేతికొచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు. సరిదిద్దాలంటే రూపకల్పనలోనే ఆ పని జరగాలి. నాయకత్వం గురించి మొదటి విడతలో అడిగి, ఫలితాన్ని 3, 4 వారాల తర్వాత రెండో విడతలో అడగాలి. లేదా ఉద్యోగి పనితీరుకు అతని మేనేజరు చేత మార్కులు వేయించాలి. రెండో విడతకు సగం మంది జారిపోవచ్చు కాబట్టి మొదటి విడతలో కావలసినదానికి రెట్టింపు మందిని పెట్టుకోవాలి. అందుకే పెద్ద పత్రికకు వెళ్లాలన్న నిర్ణయం మొదటి ఏడాదిలో తీసుకునేది. మూడో ఏడాదిలో ఆ ఆలోచన వస్తే అప్పటికే ఆలస్యమైంది. పైగా అక్కడ అంగీకారం నూటికి పది కూడా ఉండదు. అన్నీ కలిసొచ్చినా రెండేళ్లు పట్టడం మామూలే.

మన పత్రికలు

అహ్మదాబాద్ ఐఐఎం నుంచి 1976 నుంచీ వస్తున్న వికల్ప, బెంగళూరు ఐఐఎం వారి ఐఐఎంబీ మేనేజ్‌మెంట్ రివ్యూ, కలకత్తా ఐఐఎం వారి డెసిషన్, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే దక్షిణాసియా మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల సంఘం అమ్‌డీసా వారి సౌత్ ఏషియన్ జర్నల్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఈ కోవలోవి. డేటా ఇప్పటికే చేతిలో ఉండి, సమర్పణకు ఏడాదిన్నర మిగిలిన పరిశోధకుడికి నా ఓటు వీటికే. భారతీయ సందర్భం ఎందుకు ముఖ్యమో మొదటి రెండు పేజీల్లో వివరించే శ్రమ తప్పుతుంది. సంస్థలు, విధానాల మీద చేసే సూచనలకు విలువ ఉంటుంది. సంపాదకుడి తొలి వడపోతకు కొన్ని వారాలు, సమీక్షకు 3 నుంచి 6 నెలలు, సవరణలు రెండు విడతలు వేసుకుంటే ఏడాది చేతిలో ఉంచుకోవాలి. ఇదీ సులువైన దారేం కాదు. ఇక్కడా ఎక్కువ పత్రాలు వడపోతలోనే ఆగిపోతాయి.

ఆగడానికి పెద్ద కారణం, థీసిస్ అధ్యాయాన్ని ఉన్నదున్నట్టు పంపడం. 60 పేజీల అధ్యాయం 8,000 పదాల్లోకి రావాలి. ముందుగా పోవాల్సినవి నిర్వచనాల పేజీలు. తర్వాత వయసు, లింగం, జీతం వారీగా వేసిన కై-స్క్వేర్ పట్టికలు. వాటిలో ఏ ప్రతిపాదనతోనూ (హైపోథిసిస్) సంబంధం లేనివే ఎక్కువ. 12 ప్రతిపాదనలుంటే ఒకే వాదనకు చెందిన 4, 5 ఉంచుకుని మిగతావి ఇంకో పత్రానికి దాచుకోవాలి. "ఫలానా వారు ఇలా అన్నారు" అని వరుసగా పేర్చిన సాహిత్య సమీక్షను చెరిపేసి, ప్రతి ప్రతిపాదనకు ముందు దానికి అవసరమైన వాదన మాత్రమే రాయాలి. ప్రశ్నల మధ్య పొందికను కొలిచే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటిందని చెప్పి ఊరుకుంటే చాలదు. ఒక అంశం కింది ప్రశ్నలు దాన్నే కొలుస్తున్నాయని చూపే ఏవీఈ (యావరేజ్ వేరియన్స్ ఎక్స్‌ట్రాక్టెడ్) 0.50 పైన, రెండు అంశాలు వేరువేరని చూపే హెచ్‌టీఎంటీ నిష్పత్తి 0.85 లోపల ఉన్నాయా అని సమీక్షకుడు వెతుకుతాడు.

ఫైళ్ల దగ్గర జరిగే తప్పులు చిన్నవే గానీ నెలలు తినేస్తాయి. రచయిత ఎవరో సమీక్షకుడికి తెలియకూడదు కనుక రచయితల పేర్లు, కృతజ్ఞతలు, నిధుల వివరం వేరే ఫైలులో ఉండాలి. ప్రధాన ఫైలులో "మా గత అధ్యయనంలో" అనే మాట ఉండకూడదు. వర్డ్ ఫైలు ప్రాపర్టీస్‌లో మీ పేరు, ట్రాక్ చేంజెస్‌లో గైడ్ వ్యాఖ్యలు మిగిలిపోయాయేమో తెరిచి చూడండి. రచయితల క్రమం పంపకముందే గైడ్‌తో తేల్చుకోవాలి. అంగీకారం వచ్చాక పేరు కలపాలన్నా తీసేయాలన్నా అందరి సంతకాలతో లేఖ అడుగుతారు. కవరింగ్ లేఖ ఒక పేజీ దాటకూడదు. పత్రం ఏ ప్రశ్నకు జవాబిస్తుంది, ఆ పత్రిక పాఠకులకు అదెందుకు, ఇంకెక్కడా పరిశీలనలో లేదన్న హామీ చాలు. ఒకేసారి రెండు పత్రికలకు పంపితే, బయటపడిన రోజున రెండూ పోతాయి.

ముందు సదస్సుకా?

అవును, సమీక్ష రాసిచ్చే సదస్సు అయితే. అకాడమీ ఆఫ్ మేనేజ్‌మెంట్ వార్షిక సమావేశం జులై చివర్లోనో ఆగస్టులోనో జరుగుతుంది, పత్రాలు జనవరిలోనే పంపాలి. ఎంపికైన వాటి సంక్షిప్త రూపాన్నే సంపుటిలో వేస్తారు కనుక తర్వాత పూర్తి పత్రాన్ని పత్రికకు పంపడానికి అడ్డు ఉండదు. మన కాలేజీ సదస్సుల్లో కొన్ని పూర్తి పత్రాన్ని ఐఎస్‌బీఎన్ (పుస్తకాల గుర్తింపు సంఖ్య) ఉన్న పుస్తకంలో వేసేస్తాయి. అప్పుడది ప్రచురితమైనట్టే, పత్రికకు పనికిరాదు. అలాంటి చోట సారాంశం మాత్రమే ఇవ్వండి.

ఎంబీఏ ప్రాజెక్టు వేరు

45, 60 రోజుల్లో చేసిన ప్రాజెక్టును పరిశోధన పత్రంగా సాగదీయడం కన్నా కేసుగా, అంటే కేస్ స్టడీగా మలచడం మేలు. విద్యార్థి ఒక సంస్థ లోపల కూర్చుని చూశాడు. సర్వే చేసే పరిశోధకుడికి ఆ అవకాశం దొరకదు. హైదరాబాద్‌లోని బిజినెస్ స్కూల్ ఐబీఎస్‌కు కేసు రచనలో చాలాకాలంగా అనుభవం ఉంది. బిజినెస్ స్కూల్ బిమ్‌టెక్ వారి సౌత్ ఏషియన్ జర్నల్ ఆఫ్ బిజినెస్ అండ్ మేనేజ్‌మెంట్ కేసెస్ లాంటి పత్రికలు ప్రత్యేకంగా ఇందుకే ఉన్నాయి. కేసుకు నిర్ణయం తీసుకోవాల్సిన ఒక మనిషి, ఒక గడువు, కనీసం రెండు సాధ్యమైన దారులు కావాలి. భూతకాలంలో రాయాలి, రచయిత అభిప్రాయం కనిపించకూడదు. "కంపెనీ విజయగాథ" రాసి పంపితే అది కేసు కాదు, బ్రోషరు.

రెండు చోట్ల ఆగిపోతారు. మొదటిది సంస్థ సంతకం చేసిన అనుమతి పత్రం. ఇంటర్న్‌షిప్ ముగిశాక అడిగితే దొరకడం కష్టం, చివరి వారంలోనే తీసుకోవాలి. ఇవ్వకపోతే పేరు, ఊరు, అంకెలు మార్చి రాయవచ్చా అనేది పత్రికను అడగాలి. రెండోది బోధనా సూచిక (టీచింగ్ నోట్), అంటే కేసును పాఠంగా ఎలా చెప్పాలో అధ్యాపకుడికి వివరించే పత్రం. తరగతిలో అడిగే ప్రశ్నలు, ఏ సిద్ధాంతంతో విశ్లేషించాలి, నిమిషాల వారీ ప్రణాళిక అన్నీ అందులో ఉండాలి. కేసు కన్నా దీనికే ఎక్కువ కష్టపడాలి. పాఠం చెప్పిన అనుభవం ఉన్న అధ్యాపకుణ్ణి సహరచయితగా చేర్చుకోవడం ఇందుకే.

డబ్బు కట్టే దారి

2016 యూజీసీ నిబంధనలు థీసిస్‌కు ముందు ఒక ప్రచురణను తప్పనిసరి చేశాయి. 2022 నవంబరు నిబంధనలు ఆ షరతు ఎత్తేశాయి. యూనివర్సిటీలు సొంతంగా కొనసాగించవచ్చు కనుక మీ రిజిస్ట్రేషన్‌కు వర్తించే నిబంధన చూసుకోండి, అక్కర్లేని పత్రానికి డబ్బు కట్టేవాళ్లూ ఉన్నారు. ప్రచురణకు తగిన పత్రికలంటూ ఇచ్చిన కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో మానేసింది. కనుక కొత్త సంచిక మీద ఇంకా "యూజీసీ-కేర్ ఆమోదితం" అని రాసుకున్న పత్రిక కనిపిస్తే ఆగి చూడాలి. ఐఎస్‌ఎస్‌ఎన్ పత్రికలకిచ్చే ఒక గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతా ముద్ర కాదు. స్కోపస్‌లో ఉందంటే ఆ పత్రిక వెబ్‌సైటును నమ్మకుండా స్కోపస్ సోర్సుల పేజీలోనే వెతికి, ఏ ఏడాది దాకా చేర్చారో చూడాలి. పేరున్న పత్రికకు నకిలీ వెబ్‌సైటు పెట్టి డబ్బు గుంజే ముఠాలూ ఉన్నాయి.

అయితే రుసుము అడిగిన ప్రతిదీ మోసం కాదు. చందాతో నడిచే మంచి పత్రికలు ఓపెన్ యాక్సెస్‌ను (పాఠకులు ఉచితంగా చదివేలా రచయిత రుసుము కట్టే పద్ధతి) ఐచ్ఛికంగా ఇస్తాయి. అంగీకారం వచ్చాక నింపే ఫారంలో ఆ గడికి పొరపాటున టిక్ పెడితే వేల డాలర్ల బిల్లు వస్తుంది. చందా పద్ధతి ఎంచుకుంటే మామూలుగా ఏమీ కట్టక్కర్లేదు.

మీ రాతలో ఇతరుల రాతతో కలిసేది ఎంతో చెప్పే పోలిక శాతం సంగతి ఒక్క మాట. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం లోపు ఉంటే చర్య లేదు. 10 నుంచి 40 మధ్య ఉన్న థీసిస్‌ను ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు.

తిరస్కరణ వస్తే అదే ఫైలును అదే రాత్రి ఇంకో పత్రికకు పంపకండి. మన రంగంలో ఒక అంశం మీద సమీక్షించేవాళ్లు కొద్దిమందే, రెండో పత్రికా అదే మనిషికి పంపవచ్చు. తాను చూపిన తప్పులు అలాగే ఉండటం చూస్తే ఆయన పాత నివేదికనే మళ్లీ అతికిస్తాడు. రెండు వారాలు కూర్చుని, వ్యాఖ్య ఒక గడిలో, చేసిన మార్పు పక్క గడిలో, పేజీ నంబరు మూడో గడిలో పెట్టి పట్టిక తయారుచేసుకోండి. కొత్త పత్రికకు అది పంపనక్కర్లేదు గానీ, సవరణ కోరుతూ వాళ్ల లేఖ వచ్చినప్పుడు అందులో సగం పని అప్పటికే అయిపోయి ఉంటుంది.