లిబ్రే ఆఫీస్ బగ్జిల్లా: కోడింగ్ రాకపోయినా చేయగలిగే పని

మాది తిరుపతి, డీటీపీ షాపు. పొద్దస్తమానం శుభలేఖలు, ప్రాజెక్టు రిపోర్టులు. ఆరు నెలలుగా రాత్రి షటర్ దించాక ఓ అరగంట లిబ్రే ఆఫీస్ (ఎంఎస్ ఆఫీస్ లాంటి ఉచిత ప్రోగ్రాం) బగ్గులు, అంటే తప్పులు, నమోదు చేసే బగ్జిల్లా సైట్‌లో వాలంటీర్‌గా బగ్ ట్రయాజ్ చేస్తున్నాను. అంటే ఎవరో "ఫైలు తెరిస్తే టేబుల్ చెదిరిపోతోంది" అని రాస్తారు, అది ప్రోగ్రాం తప్పా, వాళ్ల కంప్యూటర్ సమస్యా, ఇంతకు ముందే ఎవరైనా చెప్పారా అని తేల్చి డెవలపర్ చేతికి అందించడం.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, అకౌంట్ తెరిచిన రోజే ఎవరినీ అడక్కుండా బగ్ స్టేటస్ మార్చొచ్చు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వాళ్ల బగ్జిల్లాలో అయితే వేరేవాళ్ల బగ్గులు కన్ఫర్మ్ చేయాలంటే ముందు హక్కు అడిగి తీసుకోవాలి. ఇక్కడ ఒకటే నియమం, బగ్ పెట్టినవాళ్లే దాన్ని అన్‌కన్ఫర్మ్‌డ్ (ఇంకా ఎవరూ నిర్ధారించనిది) నుంచి న్యూకి (నిర్ధారణ అయినది) మార్చకూడదు, రెండో మనిషి తన మెషిన్‌లో చేసి చూడాలి. ఆ రెండో మనిషి మనమే.

మొన్న ఒకటి చూశాను. తెలుగు డాక్యుమెంట్‌ను పీడీఎఫ్ చేసి అందులోంచి కాపీ చేస్తే "స్త్రీ" ముక్కలైపోతోందట. ఏ వెర్షనో, ఏ ఫాంటో రాయలేదు. నీడ్‌ఇన్‌ఫోలో (ఇంకా వివరాలు కావాలి అనే స్టేటస్) పెట్టి శాంపిల్ ఫైలు, ఫాంటు పేరు, హెల్ప్ మెనూలో అబౌట్ దగ్గరుండే వివరాలు అడిగాను. నాలుగు రోజులకు పంపారు. సేఫ్ మోడ్‌లో (మన సెట్టింగులు పక్కన పెట్టి తెరిచే పద్ధతి) చేసి చూశాను, ఫాంటు మార్చి చూశాను, రెండు పీడీఎఫ్ వ్యూయర్లలో చూశాను, ఎందుకంటే తప్పు వ్యూయర్‌ది కూడా కావచ్చు. పీడీఎఫ్‌లో ఉండేది అక్షరాల బొమ్మలు, బొమ్మ నుంచి అక్షరానికి తిరిగి రావడానికి లోపల ఒక పట్టిక ఉంటుంది, ఒత్తులు కలిసినచోట అది తడబడుతుంది. చివరికి వెతికితే అలాంటిదే పాత బగ్ దొరికింది, ఈ శాంపిల్ దానికి జోడించి దీన్ని డూప్లికేట్ చేశాను. తెలుగు చదవడం రానివాళ్లకు ఆ "స్త్రీ" విరిగిందని కంటికి ఆనదు కదా!

లోపాలూ ఉన్నాయి. బగ్జిల్లా 1998 నాటిది, ఆ పాతదనం సెర్చ్‌లో బాగా తెలుస్తుంది, డూప్లికేట్ వెతకడానికే సగం టైం పోతుంది. మన ఈమెయిల్ ఇతరులకు కనిపించొచ్చు, అందుకని వేరే ఐడీతో చేరండి. ఇంకొకటి, పాత వెర్షన్‌లో చూసి తేల్చేయకండి. మొదటి వారం నేను అలాగే ఒకదాన్ని న్యూ చేశాను, కొత్త వెర్షన్‌లో అది ఎప్పుడో బాగైపోయింది. ఎవరో మర్యాదగా చెప్పి వర్క్స్‌ఫర్‌మీ (నా దగ్గర బాగానే పనిచేస్తోంది అనే స్టేటస్) పెట్టారు, ఆ రోజు నిజంగా టెన్షన్ పడ్డాను.

ఐదుకు నాలుగిస్తాను. రోజూ వాడేదానితో మొదలుపెట్టండి, నేను రైటర్ (లిబ్రే ఆఫీస్‌లో వర్డ్ లాంటిది) దాటి పోలేదు. ప్రింట్లకు వచ్చే ఇంజినీరింగ్ పిల్లలకు చెబుతుంటే ఇద్దరు చేరారు. "అన్నా, నేనడిగిన ఫైలు పంపించారు" అని ఒకమ్మాయి నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టింది.