వేలాండ్స్ స్మిథీ రివ్యూ: టికెట్ లేదు, తాడు లేదు, సమాధి లోపలికే దూరొచ్చు

ఇంగ్లండ్‌లో పాత రాళ్ళు చూడాలంటే అందరూ స్టోన్‌హెంజ్ అనేస్తారు కదా, వెళ్ళండి తప్పులేదు, కానీ అక్కడ బోలెడు పౌండ్లు పోసి టికెట్ కొని, షటిల్ బస్సెక్కి, తీరా చూస్తే తాడు ఇవతల నిలబడి ఫోటో దిగి వచ్చేయడమే. నేను చెప్పేది ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఆష్‌బరీ దగ్గర గుట్టల మీద ఉన్న వేలాండ్స్ స్మిథీ గురించి. స్టోన్‌హెంజ్‌లో ఆ పెద్ద రాళ్ళు నిలబెట్టడానికి ఇంకో తొమ్మిదొందల ఏళ్ళు ఉందనగా కట్టిన సమాధి ఇది, ఈజిప్టు గీజా పిరమిడ్ కన్నా కూడా పాతది, ఎంట్రీ ఫ్రీ, గేటు లేదు, కాపలా లేదు, చుట్టూ చెట్లు, మధ్యలో రాళ్ళు, అంతే. నాకైతే స్టోన్‌హెంజ్ కన్నా ఇదే నచ్చింది, ఎందుకో చెప్తా, ఎవరికి నచ్చదో కూడా చెప్తా.

ముందు వెళ్ళే సంగతి. కారు సమాధి దాకా పోదు. వైట్ హార్స్ హిల్ దగ్గర నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళ కార్ పార్కింగ్ ఉంది, మెంబర్‌షిప్ ఉంటే ఫ్రీ, లేకపోతే కట్టాలి. అక్కడి నుంచి రిడ్జ్‌వే అనే దారి పట్టుకుని పడమర వైపు ఓ మైలుంపావు దాకా నడక. ఈ రిడ్జ్‌వే అనేది 87 మైళ్ళ నేషనల్ ట్రెయిల్, ఏవ్‌బరీ దగ్గర ఓవర్టన్ హిల్‌లో మొదలై ఐవింగ్‌హో బీకన్ దాకా వెళ్తుంది, మనం నడిచేది అందులో చిన్న ముక్క. దారి వెడల్పుగానే ఉంటుంది, పెద్ద ఎక్కుడు దిగుడు ఏం లేదు, కానీ కింద ఉన్నది సుద్ద నేల, వాన పడిందంటే తెల్లటి పేస్టులా తయారై బూట్లకి అంటుకుని జర్రున జారుతుంది. స్నీకర్స్ వేసుకుని వచ్చి మధ్యలో ఆగిపోయి తిట్టుకుంటున్న వాళ్ళని చూశా. పైగా పక్కన చెట్లు లేని చోట గాలి మామూలుగా కొట్టదు, ఎండ ఉంది కదా అని జాకెట్ కార్లో వదిలేయకండి. స్ట్రోలర్ తోసుకెళ్ళొచ్చా అంటే ఎండాకాలంలో పర్లేదు, వానాకాలంలో పిల్లని ఎత్తుకోవడమే సుఖం. సమాధి దగ్గర టాయిలెట్ లేదు, కాఫీ లేదు, మంచినీళ్ళు లేవు, అన్నీ చూసుకునే బయల్దేరండి.

నడుస్తుంటే చుట్టూ అంతా పొలాలు, కుడి చేతి వైపు ఓ చెట్ల గుంపు వస్తుంది, అదే. బీచ్ అనే జాతి చెట్లు, నున్నటి బూడిద రంగు మానులు, నిటారుగా, బాగా ఎత్తు. ఆ గుంపులోకి అడుగు పెట్టగానే అప్పటిదాకా చెవుల్లో హోరెత్తిన గాలి పైన కొమ్మల్లోకి వెళ్ళిపోతుంది, కింద మాత్రం ఎండుటాకులు కదలవు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. అయితే ఒక మాట, సమాధి కట్టినప్పుడు ఈ చెట్లు లేవు, ఇవన్నీ చాలా తర్వాత వచ్చినవి, కాబట్టి ఐదువేల ఏళ్ళ కిందట ఇలాగే అడవిలో పూజలు చేసుంటారు అని ఊహల్లోకి వెళ్ళిపోకండి. అయినా చెట్లు లేకపోతే ఈ చోటుకి ఇంత కళ ఉండేది కాదు, అది ఒప్పుకోవాలి.

ఎదురుగా నాలుగు నిలువు రాళ్ళు. మొదట్లో ఆరు ఉండేవట, రెండు పోయాయి. సార్సెన్ అనే రాయి ఇది, ఇసుకరాయిలోనే బాగా గట్టి రకం, ఒక్కొక్కటి దాదాపు మూడు మీటర్ల ఎత్తు. స్టోన్‌హెంజ్‌లో పెద్దవి కూడా ఈ రకమే. దగ్గరికెళ్ళి చూస్తే రాయి నిండా గుంటలు, వేలు పట్టేంత బొక్కలు, రాయి ఇంకా ఇసుకగా ఉన్న రోజుల్లో చెట్ల వేళ్ళు దిగిన చోట్లు అవి. పైన ఆకుపచ్చ, పసుపు, బూడిద రంగు నాచు మచ్చలు. అరచెయ్యి ఆనిస్తే మండు వేసవిలో కూడా చల్లగా తగులుతుంది. ఈ రాళ్ళ వెనకాల పొడుగాటి మట్టిదిబ్బ, 56 మీటర్లు ఉంటుంది, ఇటు చివర వెడల్పు 13 మీటర్లు, అటు పోయే కొద్దీ సన్నబడుతుంది, అంచు వెంట చిన్న రాళ్ళు పాతారు. ఊరికే చూస్తే గడ్డి మొలిచిన గట్టు, అంతే. మొదటిసారి చూసినవాళ్ళు చాలామంది ముందున్న రాళ్ళ దగ్గర సెల్ఫీ దిగేసి వెనక్కి తిరుగుతారు, దిబ్బ చుట్టూ ఒక రౌండ్ వేయరు, అక్కడే సగం పోగొట్టుకుంటారు.

నిలువు రాళ్ళ మధ్య సందులోంచి వంగి లోపలికి వెళ్తే చిన్న నడవ, కుడివైపు ఒక గది, ఎడమవైపు ఒక గది, ఎదురుగా ఇంకోటి, అంటే పైనుంచి చూస్తే శిలువ ఆకారం. గది అంటే మన బెడ్‌రూమ్ అనుకోకండి, కూర్చుంటే ఒకరికో ఇద్దరికో సరిపోతుంది. 1919లో ఇక్కడ తవ్వకం మొదలుపెడితే ఎనిమిది మంది ఎముకలు దొరికాయి, ఏడుగురు పెద్దవాళ్ళు, ఒక పసిబిడ్డ. అదంతా కూడా అప్పటికే చెల్లాచెదురైపోయి ఉంది, అన్ని వేల ఏళ్ళు తెరిచి ఉన్న సమాధి కదా, ఎంతమంది కెలికి ఉంటారో.

ఇప్పుడు అసలు విషయం, ఇది తెలియకుండా వెళ్తే మాత్రం రాళ్ళు చూసి వచ్చినట్టే. ఇక్కడ ఉన్నది ఒక సమాధి కాదు, రెండు. మనకి కనపడే దిబ్బ కింద ఇంకో పాత సమాధి ఉంది. 1962, 63లో రిచర్డ్ అట్కిన్సన్, స్టూవర్ట్ పిగట్ అనే ఇద్దరు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వినప్పుడు అది బయటపడింది. అది రాళ్ళ గది కాదు, కర్రది. నేల మీద రాళ్ళు పరిచి, రెండు చివర్లా పెద్ద చెట్టు మానుని నిలువునా చీల్చి స్తంభాలుగా పాతి, మధ్యలో చెక్కపెట్టె లాంటి గది కట్టి అందులో శవాల్ని ఉంచారు, సుమారు 14 మందిని, ఎక్కువమంది మగవాళ్ళే. ఆ తర్వాత దాని మీద రాళ్ళు పేర్చి, పక్కన కందకాలు తవ్వి ఆ సుద్దమట్టి పోసి చిన్న దిబ్బ చేసేశారు. 2007లో వచ్చిన రేడియోకార్బన్ లెక్కల (ఎముకల్లో మిగిలిన కార్బన్ కొలిచి వయసు కట్టే పద్ధతి) ప్రకారం ఆ కర్రగదిలో శవాలు పెట్టడం క్రీ.పూ. 3590 ప్రాంతంలో మొదలైంది, మహా అయితే ఒక తరం పాటు సాగింది, తర్వాత ఆగిపోయింది. వందల ఏళ్ళు వాడారు అనుకునేవాళ్ళు అంతకుముందు. కాదు, ఒక తరమే. మరి ఆ తరంలో ఏం జరిగింది అంటే, ఒకరి కటి ఎముకలో చెకుముకి బాణం మొన విరిగి ఇరుక్కుని ఉంది. కొన్ని ఎముకల మీద కుక్కలో తోడేళ్ళో కొరికిన గుర్తులు కూడా ఉన్నాయి, అంటే కొన్ని శవాలు కొంతకాలం ఆరుబయటే పడి ఉన్నట్టు. కొట్లాటలో పోయినవాళ్ళా, అందరూ ఒకేసారా, అనే వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మనకి కనపడే పెద్ద రాళ్ళ సమాధిని క్రీ.పూ. 3460కీ 3400కీ మధ్య, సరిగ్గా దాని నెత్తి మీదే కట్టారు. అంటే మధ్యలో ఓ వందేళ్ళ పైన. మునిమనవలకి ఆ దిబ్బ కింద ఎవరున్నారో కథలుగా తెలిసే ఉంటుంది, తెలిసే అదే చోటు ఎంచుకున్నారు అని నా ఫీలింగ్, రుజువు అడక్కండి.

ఇంకోటి కూడా తెలుసుకోండి, ఇప్పుడు కనిపిస్తున్న రూపం మొత్తం అప్పటిది కాదు. ఆ అరవైల తవ్వకం అయ్యాక పడిపోయిన రాళ్ళని లేపి నిలబెట్టి, దిబ్బని సర్ది రిపేర్ చేశారు. కొంతమందికి ఇది నచ్చదు, ఒరిజినల్ కాదు అంటారు. రాళ్ళు అవే, చోటు అదే, నాకు ఇబ్బంది లేదు. పడిపోయి ముళ్ళపొదల్లో ఉంటే మనలాంటి వాళ్ళకి ఏం అర్థమయ్యేది చెప్పండి.

పేరు సంగతి భలే తమాషా. స్మిథీ అంటే కమ్మరి కొలిమి. వేలాండ్ అంటే జర్మన్, నార్స్ కథల్లో వచ్చే కమ్మరి, ఓ రాజు అతని కాళ్ళ నరాలు తెగ్గొట్టి బలవంతంగా నగలూ కత్తులూ చేయించుకుంటే, వాడు ఆ రాజు కొడుకుల్నే చంపి పగ తీర్చుకుని ఎగిరిపోతాడు. బ్రిటిష్ మ్యూజియంలో ఫ్రాంక్స్ క్యాస్కెట్ అని తిమింగలం ఎముకతో చేసిన పెట్టె ఉంది, దాని మీద ఈ కథ చెక్కి ఉంటుంది, లండన్ వెళ్తే చూడండి. జర్మనీ వైపు నుంచి వలస వచ్చిన శాక్సన్లు అనే జనం ఇక్కడికి చేరేసరికి ఈ రాళ్ళు ఎవరు పెట్టారో చెప్పేవాడు లేడు, కాబట్టి ఆ కమ్మరి ఖాతాలో వేసేశారు, క్రీ.శ. 955 నాటి ఒక రాజుగారి దానపత్రంలోనే ఈ పేరు ఉంది. లోహం ముఖమే చూడని మనుషులు కట్టిన సమాధి చివరికి కమ్మరి కొలిమి అయి కూర్చుంది! మన ములుగు వైపు అడవుల్లో ఇలాంటి రాతి సమాధుల్ని రాక్షస గుళ్ళు అంటారు కదా, అవి ఇనుప యుగానివి, దీనికంటే రెండువేల ఏళ్ళ పైనే చిన్నవి, కానీ జనం ఆలోచన మాత్రం ఒకటే, ఇంత రాయి మామూలు మనిషి ఎత్తలేడు అని.

1738లో రాసిపెట్టిన ఊరి కథ ఇంకోటి ఉంది. ప్రయాణంలో గుర్రం లాడం ఊడిపోతే, గుర్రాన్ని ఇక్కడ కట్టేసి, రాయి మీద ఓ చిన్న నాణెం పెట్టి, దూరంగా వెళ్ళిపోవాలి. తిరిగొచ్చేసరికి నాణెం ఉండదు, గుర్రానికి కొత్త లాడం ఉంటుంది. తొంగి చూడకూడదు. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మని తీసుకెళ్తే ముందు "ఇంత దూరం నడిపించింది సమాధి చూపించడానికట్రా, ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలి ఇప్పుడు" అని గొణిగింది, ఈ కథ చెప్పేసరికి మాత్రం "మరి డబ్బులు సరిపోకపోతే ఎవర్ని అడగాలి" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ కథ వల్ల వచ్చిన తలనొప్పి ఒకటుంది. జనం రాళ్ళ పగుళ్ళలో నాణేలు దోపి పోతారు. పెన్నీలు, రెండు పెన్నీలు, కొన్ని పచ్చగా చిలుం పట్టి రాయికి మరక అంటించేశాయి. కొందరు లోపల గదుల్లో టీ లైట్లు, అంటే చిన్న కొవ్వొత్తులు, వెలిగిస్తారు, కప్పురాయికి మసి, కింద గడ్డకట్టిన మైనం. రిబ్బన్లు, పూలు, ఆపిల్ పళ్ళు, ఏవేవో ఉంటాయి. ఎవరి నమ్మకం వాళ్ళది, పూలు పెడితే నాకేం అభ్యంతరం లేదు, కానీ నిప్పు తగిలితే సార్సెన్ పగులుతుంది, అది ఎవరు అతికిస్తారు? 1882లో బ్రిటన్ మొట్టమొదటి పురాతన కట్టడాల రక్షణ చట్టం చేసినప్పుడు ఆ మొదటి లిస్టులోనే ఉన్న చోటు ఇది. తాడు కట్టకుండా మనల్ని నమ్మి వదిలేశారు, మనమే తాడు కట్టించుకునేలా ఉన్నాం. దిబ్బ మీదకి ఎక్కి పిల్లలు జారుడుబండ ఆడటం కూడా అంతే, గడ్డి పోయి మట్టి బయటపడుతుంది, కాస్త చెప్పండి పిల్లలకి.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, వీకెండ్ మధ్యాహ్నం వద్దు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, కుక్కలు, పిక్నిక్ బ్యాచ్‌లు, ఆ చిన్న చోట పాతిక మంది చేరితే సంతలా ఉంటుంది. వీక్‌డే పొద్దున్నే వెళ్తే చాలాసార్లు మీరొక్కరే ఉంటారు. పగటి వెలుతురు ఉన్నంతసేపే ఓపెన్ అని గుర్తుంచుకోండి, చలికాలంలో నాలుగింటికే చీకటి పడిపోతుంది, తిరిగి ఆ మైలుంపావు నడవాలి.

సమాధి ఒక్కదానికి ముప్పావుగంట చాలు, అంతకంటే పెద్ద టైమ్ పెట్టుకుని రాకండి, ఇక్కడ చేయడానికి ఇంకేం లేదు. కాబట్టి పార్కింగ్ పక్కనే ఉన్న అఫింగ్టన్ వైట్ హార్స్‌ని కూడా కలుపుకోండి. గుట్ట మీద కందకంలో సుద్ద నింపి గీసిన 110 మీటర్ల గుర్రం, అదీ మూడువేల ఏళ్ళ నాటిది. కాకపోతే పక్కన నిలబడితే తెల్ల గీతలే కనబడతాయి, గుర్రం కనబడదు, కింద లోయలోకి దిగి దూరం నుంచి చూడాలి. వందేళ్ళకోసారి ఆ గుర్రం కూడా లాడం వేయించుకోడానికి వేలాండ్ దగ్గరికి దిగి వస్తుందట. ఆ గుట్ట పైభాగం 261 మీటర్లు, ఆక్స్‌ఫర్డ్‌షైర్ మొత్తంలో అదే అన్నిటికన్నా ఎత్తు, వ్యూ మాత్రం అదిరిపోతుంది.

నా రేటింగ్ 5కి 4. ఒకటి కోసింది అందరికీ పనికొచ్చే చోటు కాదు కాబట్టి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, వీల్‌చైర్ ఉన్నవాళ్ళకి ఆ దారి కష్టం. "ఇంతేనా" అనే రకం ఫ్రెండ్స్‌ని కూడా తీసుకెళ్ళకండి, దారంతా అదే మాట వినాలి. చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉండి, రెండు సమాధుల సంగతి ముందే చదువుకుని వెళ్ళేవాళ్ళకి అయితే 5కి 5. ఇది చూశాక ఆగలేకపోతే కార్లో గంట లోపే ఏవ్‌బరీ పక్కన వెస్ట్ కెనెట్ లాంగ్ బారో అని ఇలాంటిదే ఇంకో పొడుగాటి దిబ్బ సమాధి ఉంది, అదీ ఇంచుమించు ఇదే కాలంది, అదీ ఫ్రీనే, లోపల ఇంతకన్నా లోతుగా నడవొచ్చు, దానికి మాత్రం టార్చి పట్టుకెళ్ళండి.